క్యుబెక్ మాంసం పై (pie): మూడు ఆదివారాలు చేసి చూశాను, రుచి ఎలా ఉందంటే...

నమస్కారమండి. మాటల కంటే ముందు ఈ ముక్కను చూడండి. పైన గోధుమరంగు తిరిగిన పిండి పొర, లోపల కత్తికి అంటకుండా నిలబడిన కైమా. ఇప్పుడు తిప్పి అడుగు చూపిస్తాను. వేలితో కొడితే టకటకమంటోంది కదా? ఈ చప్పుడు కోసం నాకు మూడు ఆదివారాలు పట్టింది.

దీని పేరు తూర్తియేర్. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రపు మాంసం పై, అంటే రెండు పిండి పొరల మధ్య మాంసం నింపి ఓవెన్‌లో కాల్చే వంటకం. మేముండే మాంట్రియల్‌లో మాత్రం మీ చెవికి 'తూర్త్సియేర్' అని వినిపిస్తుంది, క్యుబెక్ ఫ్రెంచిలో 'తి' పలికేటప్పుడు మధ్యలో ఒక 'స' దూరుతుంది. క్రిస్మస్ ముందురోజు అర్ధరాత్రి ప్రార్థన ముగించుకుని, మంచులో ఇంటికి వచ్చి చేసే విందును ఇక్కడివారు రెవెయోన్ అంటారు. ఆ బల్ల మీద ఇది లేకపోతే పండుగ వచ్చినట్టు కాదు.

తూర్తియేర్ అనేది మొదట దీన్ని కాల్చే పాత్ర పేరు, తర్వాత వంటకానికి అంటుకుంది. తూర్త్ అనే అడవి పావురం మాంసంతో చేసేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఇంకో కథ చెబుతారు. ఆ జాతిలో చివరి పావురం 1914లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. కథ బాగుంది కానీ నా ఓటు పాత్రకే.

ఇంకో చిక్కు ఉంది. ఇదే క్యుబెక్‌లోని సాగెనే, లాక్ సాన్ జాన్ ప్రాంతం వారి ముందు నేను చేసిన దీన్ని తూర్తియేర్ అన్నారో, గొడవే. వారి తూర్తియేర్ లోతైన పాత్రలో, మాంసం ముక్కలు, బంగాళదుంప ముక్కలు కలిపి, సన్నని సెగ మీద గంటల తరబడి కాలేది. మనది వారి దృష్టిలో ఉత్త 'మాంసం పై'. గాస్పేజీ వైపు పొరలు పొరలుగా పేర్చేదాన్ని సిపాయ్ అంటారు. మొదటిసారి విన్నప్పుడు తుపాకీ పట్టుకున్న సిపాయే కళ్ళ ముందు నిలిచాడు.

సరే, వంట. 450 గ్రాముల పంది కైమా, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి ఒక రెబ్బ, ముప్పావు కప్పు నీళ్ళు, చెంచాడు ఉప్పు. ఇక్కడ మన చేతికి మొదటి పరీక్ష. కైమా అనగానే నూనె కాగబెట్టి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, మాంసాన్ని వేపుడు చేయాలనిపిస్తుంది. నేను పాటించిన పద్ధతిలో వేయించడమే లేదు. అన్నీ నీళ్ళలో కలిపి, ఉండలు చిదుముతూ, చిన్న మంట మీద అరగంట ఉడికించడమే. చూడటానికి చప్పగా, బూడిదరంగులో ఉంటుంది. భయపడకండి, ఆ మెత్తదనమే దీని గుణం. చివర్లో ఉడికించి మెదిపిన బంగాళదుంప ఒకటి వేస్తే నీరంతా పీల్చుకుని ముద్దకడుతుంది.

ఇప్పుడు మసాలా. దాల్చినచెక్క, లవంగం, ఆల్‌స్పైస్ పొడులు, కొంచెం మిరియాలు. ఆల్‌స్పైస్ అంటే మసాలాల మిశ్రమం కాదండి, ఒకే చెట్టు కాయ. దాంతోపాటు సారియెట్ అనే ఎండు ఆకు. వాసన మన వామాకుకు దూరపు చుట్టం. నాకు ఝాన్ తాలోన్ మార్కెట్లో దొరికింది.

ఈ డబ్బాలు చూడగానే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. లవంగం, దాల్చినచెక్క మనకు ఎవరో నేర్పాలా? మొదటి ఆదివారం బిర్యానీ చేతితో అర చెంచా లవంగం పొడి వేశాను. వంటకం ఓవెన్‌లోంచి దిగేసరికి ఇల్లంతా పళ్ళ డాక్టరు గది వాసన. మావారు ఒక ముక్క తిని, నాలుక తిమ్మిరెక్కిందని నిజాయితీగా చెప్పారు. మన కూరలో లవంగానికి ఎదురు నిలవడానికి కారం, అల్లం, పెరుగు ఉంటాయి. ఇందులో ఎదురు ఎవరూ లేరు. అందుకే దాల్చినచెక్క, ఆల్‌స్పైస్ పావు చెంచా చొప్పున, లవంగం అందులో సగం. అంతకు మించి వద్దు.

రెండో ఆదివారం మసాలా కుదిరింది, ఓపిక కుదరలేదు. కైమా వేడిగా ఉండగానే పిండిలో నింపేశాను. పిండిలోని కొవ్వు కాలకముందే కరిగిపోయి, అడుగు తడిసిన అట్ట అయింది. పై పొర మాత్రం అమాయకంగా నిగనిగలాడుతోంది! కాబట్టి కైమాను వెడల్పు పళ్ళెంలో పరిచి, పూర్తిగా చల్లార్చి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ వీడియోలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి.

పిండికి మైదా, ఉప్పు, చల్లటి పంది కొవ్వు, నాలుగైదు చెంచాల మంచునీళ్ళు. వెన్నతో కూడా చేశాను. వాసన వెన్నదే బాగుంది, పొరలు విడవడంలో కొవ్వుదే గెలుపు. చపాతీ పిండిలా మర్దించకండి, గట్టిపడుతుంది. 23 సెంటీమీటర్ల పాత్రలో ఒక పొర, కైమా, పైన ఇంకో పొర, అంచులు నొక్కి, ఆవిరి పోవడానికి నాలుగు గాట్లు. 200 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఓవెన్ కింది అరలో, తర్వాత 180కి తగ్గించి ఇంకో 25 నిమిషాలు. తీశాక పావుగంట ముట్టుకోవద్దు.

రుచి సంగతి. మొదటి ముద్దకు 'ఇంతేనా?' అనిపిస్తుంది, దాచను. కారం లేదు, పులుపు లేదు. రెండో ముద్దకు ముక్కు మేలుకుంటుంది: మాంసం తీపి, వెనకాల ఎక్కడో దాల్చినచెక్క. పక్కన బీట్‌రూట్ ఊరగాయ గానీ, టమాటా, పీచ్, ఆపిల్ వేసి వెనిగర్‌తో ఉడికించే పండ్ల కెచప్ గానీ ఉండాల్సిందే. అది మన తీపి పచ్చడికి తోబుట్టువు. నేను ఒక ముక్క నిమ్మకాయ ఊరగాయతో తిన్నాను. అది బాగాలేదు, ఉప్పు మింగేసింది.

దుకాణంలో కొన్నదాన్ని కూడా పక్కన పెట్టి తిన్నాను. అందులో మిరియాలు తప్ప ఇంకేమీ తెలియలేదు. ఇంట్లో చేసినదానికి పదికి ఎనిమిది ఇస్తాను. తగ్గించిన రెండూ పిండి పనికి. పంది మాంసం తినని వారికి ఇక్కడ మిల్లెట్ తూర్తియేర్ కూడా ఉంది, మన వరిగలే. వచ్చే నెల చేస్తాను.

మూడో పైలో ఒక ముక్క మా కింది ఇంటి పెద్దావిడకు ఇచ్చాను. పుట్టి పెరిగింది ఇక్కడే. ముందు అడుగు తిప్పి చూసి, తల ఊపారు. నెమ్మదిగా తిన్నారు. పళ్ళెం తిరిగి ఇస్తూ అన్నారు కదా, "చాలా బాగుందమ్మా. లవంగమే ఇంకో చిటికెడు పడాలి."