ది విచర్ 4 కోసం ఇప్పుడే కొత్త పీసీ కొనాలా? కోనసీమ నుంచి ఒక లెక్క

[కొబ్బరితోటలో ఇంటి వరండా. బల్ల మీద మూత తీసిన పాత సీపీయూ.]

అందరికీ నమస్కారమండి. ఈ బల్ల మీదున్న సీపీయూ ముమ్మిడివరం దగ్గర ఒక ఊరి నుంచి వచ్చింది. దీంతోపాటు ఒక కొబ్బరి రైతు, ఇంటర్ చదివే వాళ్ళ అబ్బాయి కూడా వచ్చారు. కొబ్బరికాయల దింపు డబ్బులు ఆయన చేతికొచ్చాయి. ఆయన కుర్చీలో కూర్చుంటూనే అడిగేశారు. "బాబూ, ఆ విచర్ నాలుగోది ఏదో వస్తందంట కదా. దానికి లక్షన్నర పెట్టి కొత్త కంప్యూటర్ కొనాలంటన్నాడు మావాడు. నిజంగా అంతవుద్దా?"

"ది విచర్ 4 అనే ఆ వీడియో గేమ్ ఇంకా రాలేదండి బాబాయిగారూ" అన్నాను.

"రాని ఆటకి ఇప్పుడెందుకురా మరి?" అని కొడుకు వైపు తిరిగారు. వాడు నా వైపు చూశాడు. "అన్నయ్యా, మీరు చెప్పండి. ట్రైలర్ చూశారుగా!"

చూశాను. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందుకే ఆ ఇద్దరికీ ఒకేసారి జవాబు చెప్పాలని ఈ వీడియో చేస్తున్నాను.

[తెర మీద: 2024 డిసెంబర్]

ముందు ఖాయమైన సంగతులు. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2024 డిసెంబర్‌లో ద గేమ్ అవార్డ్స్ వేదిక మీద ఈ ఆటని ప్రకటించింది. పూర్తిస్థాయి పని మొదలైంది ఆ ముందు నెలలోనే. 2026 డిసెంబర్ 31 లోపు ఆట బయటికి రాదని 2025 మార్చిలో కంపెనీయే చెప్పింది. అంటే ఎంత తొందరగా వచ్చినా 2027. ఏ పీసీ కావాలో చెప్పే అధికారిక పట్టిక నేను ఈ స్క్రిప్ట్ రాసేనాటికి రాలేదు. వచ్చిందని ఎవరైనా మీకు చూపిస్తే, అది వాళ్ళు ఊహించి రాసుకున్నదే.

ఇక ఆ ట్రైలర్. అది ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ 5లో, అప్పటికి మార్కెట్లోకే రాని ఒక ఎన్విడియా ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు మీద ముందే రెండర్ చేసి పెట్టిన వీడియో. ముందే రెండర్ చేయడమంటే ఏమిటో చెప్తాను. సెకనుకు 60 ఫ్రేములతో ఆట ఆడుతున్నామంటే, ఒక్కో బొమ్మ గీయడానికి మన కార్డుకి దొరికే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లు. కనురెప్ప వేసే లోపు అలాంటివి చాలా అయిపోతాయి. ముందే రెండర్ చేసే వీడియోకి ఆ తొందర లేదు. ఒక్క బొమ్మకి ఎన్ని నిమిషాలు పట్టినా ఫరవాలేదు. కాబట్టి ఆ ట్రైలర్ చూసి మన పీసీ తట్టుకుంటుందా లేదా అని లెక్క వేయకూడదు. అది కథ చెప్పడానికి చేసింది, కథ కోసమే చూడాలి.

ఆ కథ నన్ను పట్టేసిందండి. ఒక పల్లెలో అడవి రాక్షసికి ఒక పిల్లని బలి ఇస్తారు. ఈ ఆట నాయిక సిరి ఆ పిల్లని వెనక్కి పంపి, తనే వెళ్ళి రాక్షసిని చంపుతుంది. తిరిగొచ్చేసరికి ఊరివాళ్ళే ఆ పిల్లని చంపేసి ఉంటారు. చెరువు గట్టు నిలవాలంటే ఇంటి కోడల్ని బలివ్వాలన్న కథలు విని పెరిగినవాళ్ళం మనం. ఊరి మేలు అనే మాట వెనక ఎంత భయం ఉంటుందో మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఎక్కడో పోలండ్‌లో తీసిన ఆ ఆరు నిమిషాల ముక్క చూసి, మా అమ్మమ్మ చెప్పిన కథ గుర్తొచ్చి, కాసేపు మాట్లాడలేకపోయాను.

ఆట ఎలా ఉండబోతోందో అక్కడే కొంత తెలుస్తుంది. పాత మూడు ఆటల్లో మనం గెరాల్ట్ అనే విచర్, అంటే డబ్బు తీసుకుని రాక్షసుల్ని వేటాడేవాడు. ఇప్పుడు అతను పెంచిన సిరి. విచర్ 3లో కూడా సిరిగా ఆడాం, కానీ కొద్దిసేపే. అప్పుడామె మాయమై ఇంకోచోట తేలుతూ, దాదాపు ఎదురులేనట్టు కొట్టేసేది. ఇప్పుడామె విచర్‌గా మారే పరీక్ష దాటి వచ్చింది. ట్రైలర్‌లో కషాయాలు తాగుతుంది, కళ్ళు పిల్లి కళ్ళలా ఉంటాయి, మెడలో లింక్స్ పతకం, చేతిలో మంత్రం పారే గొలుసు. ఆ గొలుసే నాకు అన్నిటికన్నా ఆశ పెడుతోంది. గెరాల్ట్ పోరాటం ఎక్కువగా కత్తి దూరంలోనే. గొలుసుంటే దూరంగా ఉన్నదాన్ని లాగొచ్చు, కాళ్ళకి చుట్టి పడేయొచ్చు. ఆమె బలం కొంచెం తగ్గించి, మనం మెల్లగా పెంచుకునేలా చేస్తారని నా అంచనా. లేకపోతే రోల్ ప్లేయింగ్ ఆటకి అర్థమే ఉండదు.

రాక్షస వేట పద్ధతి మారదనే అనుకుంటున్నాను. ఒప్పందం తీసుకోవడం, జాడలు వెతకడం, ఏ నూనె పూయాలో ఏ కషాయం కాయాలో చూసుకోవడం, అప్పుడు కత్తి దూయడం. విచర్ 3లో మనం ఒక ఊళ్ళో తీసుకున్న నిర్ణయం పది గంటల తర్వాత ఇంకో ఊళ్ళో తేలి, గుండె మీద కొడుతుంది. ఆ గుణం ఉంటే చాలు, మిగతావన్నీ నాకు తర్వాతే.

[తెర మీద: 2025 జూన్, ఓర్లాండో]

హార్డ్‌వేర్ లెక్కకి పనికొచ్చేది ఇదీ. అన్‌రియల్ ఫెస్ట్‌లో చూపిన టెక్ డెమో. కోవిర్ అనే ఉత్తరాది రాజ్యం, వాల్‌డ్రెస్ట్ అనే రేవు పట్టణం, కెల్పీ అనే గుర్రం. నడిచింది మామూలు ప్లేస్టేషన్ 5 మీద, సెకనుకు 60 ఫ్రేములతో, వెలుగు దారిని లెక్కగట్టే రే ట్రేసింగ్‌తో. ఇది డెమో మాత్రమే, అసలు ఆట కాదని కంపెనీయే స్పష్టంగా చెప్పింది. అయినా మామూలు కన్సోల్‌నే ఎంచుకోవడం వెనక ఒక కారణం ఉంది. 2020 డిసెంబర్‌లో ఇదే కంపెనీ సైబర్‌పంక్ 2077 విడుదల చేసినప్పుడు పాత కన్సోళ్ళ మీద అది సరిగా నడవలేదు. సోనీ తన స్టోర్ నుంచే తీసేసింది, తిరిగి పెట్టడానికి 2021 జూన్ దాకా పట్టింది. ఆ దెబ్బ తిన్నాక, ఈసారి ముందు కన్సోల్ సంగతి చూసుకుని ఆ తర్వాతే పైకి వెళ్తామని వాళ్ళు చెప్తున్నారు. మనలాంటివాళ్ళకి ఇంతకన్నా మంచి కబురు లేదు. ప్లేస్టేషన్ 5లో ఉన్న గ్రాఫిక్స్ బలం పీసీ లెక్కలో సుమారుగా ఆర్‌టీఎక్స్ 2070 వరసలో ఉంటుంది. లక్షల కార్డు కాదు.

ఆ డెమోలో సంత దృశ్యం ఒకటుంది. 300 మంది పైగా మనుషులు, ఎవరి నడక వాళ్ళది. ఒకతన్ని గుద్దుకుంటే చేతిలో ఆపిల్ పళ్ళు దొర్లిపోతాయి, పిల్లలు ఏరుకోవడానికి పరిగెడతారు. అది చూడగానే నాకు కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం గుర్తొచ్చింది. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక కాలువలోకి దిగినప్పుడు చూడండి. మోసేవాడి భుజం ఒకవైపు, తాడు పట్టినవాడి చూపు ఇంకోవైపు, గట్టు మీద పిల్లాణ్ణి ఎత్తుకున్న తండ్రి, జీళ్ళు అమ్మే ఆవిడ. ఎవరి పని వాళ్ళదే, కానీ ప్రభ ఒరిగితే అందరూ ఒక్కసారి కదులుతారు. కంప్యూటర్‌లో అలాంటి జనాన్ని కదిలించే భారం చాలావరకు ప్రాసెసర్ మీద పడుతుంది, గ్రాఫిక్స్ కార్డు మీద కాదు. డబ్బంతా కార్డు మీద పోసి, ఎనిమిదేళ్ళ నాటి ప్రాసెసర్ ఉంచేస్తే, అడవిలో బాగానే నడిచిన ఆట సంతలోకి రాగానే కుంటుతుంది.

అడవి సంగతి వేరు. అన్‌రియల్ ఇంజిన్ 5లో నానైట్ అని ఒక ఏర్పాటు ఉంది. దూరంగా ఉన్నవాటిని మోటుగా, దగ్గరగా ఉన్నవాటిని నాజూగ్గా తనే సర్దుకుంటుంది. చెట్ల ఆకుల దాకా దాన్ని తీసుకొచ్చే పద్ధతినే ఆ డెమోలో చూపించారు. ల్యూమెన్ అనేది వెలుతురు సంగతి చూస్తుంది. ఇక్కడే చూడండి, ఈ వరండా పైకప్పు మీద వెలుగు ఉంది. ఎండ నేరుగా అక్కడికి పోదు. ఎదురుగా వాకిలి నేల మీద పడి, తిరిగి పైకి వచ్చింది. ఆ తిరిగొచ్చే వెలుగుని అప్పటికప్పుడు లెక్కగట్టడమే ల్యూమెన్ పని. కార్డుకి చెమటలు పట్టేది అక్కడే.

[కాలువ గట్టు మీద నడుస్తూ.]

ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డ్రైవ్ ఎందుకంటారని చాలామంది అడుగుతారు. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలారు. పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె, అప్పుడు మన మడి. ఆట ఫైళ్ళున్న డ్రైవ్ ఆ బ్యారేజీ. కార్డులో ఉండే సొంత మెమరీ, అంటే వీర్యామ్, మన మడి. గుర్రం మీద దౌడు తీస్తుంటే ముందున్న ఊరు, చెట్లు, మనుషులు అన్నీ ఆ దారినే పారుతూ రావాలి. పాత హార్డ్ డిస్క్ పూడిక నిండిన కాలువ లాంటిది. బ్యారేజీలో ఎన్ని నీళ్ళున్నా శివారు పొలం ఎండుతుంది. తెర మీద అది గోడలు మైనం ముద్దల్లా కనబడటంగానో, ఆట ఒక్క క్షణం కొయ్యబారిపోవడంగానో బయటపడుతుంది. కాలువ బాగుండి మడి చిన్నదైతే ఇంకో తంటా. నీళ్ళు పొర్లిపోతాయి, మళ్ళీ మళ్ళీ తోడుకోవాలి. 8 జీబీ వీర్యామ్ ఇక కింది మెట్టు అని నేననేది అందుకే.

పాత పట్టికలు చూస్తే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. 2015లో విచర్ 3 కనీసం అడిగింది జీటీఎక్స్ 660 కార్డు, 6 జీబీ ర్యామ్, 40 జీబీ చోటు. 2023లో బాల్డర్స్ గేట్ 3 అడిగిన చోటు 150 జీబీ, అదీ ఎస్‌ఎస్‌డీలో. 2025లో వచ్చిన ఆబ్లివియన్ రీమాస్టర్డ్ కనీసమే 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1070 టీఐ అడిగింది. దాని గ్రాఫిక్స్ కూడా అన్‌రియల్ 5 మీదే. ఈ వరస చూసి నా అంచనా చెప్తున్నాను, అంచనాగానే తీసుకోండి. విచర్ 4కి 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, రే ట్రేసింగ్ చేయగల కార్డు కింది గీత అవుతాయి. 150 జీబీ డౌన్‌లోడ్ 40 ఎంబీపీఎస్ లైన్ మీద ఆగకుండా వస్తే 8 గంటలు దాటుతుంది. రాత్రి పెట్టి పడుకోవాల్సిందే.

మరి ఇప్పుడే కొంటే తప్పేముంది? నేను చేసిన తప్పు చెప్తాను. కొన్నేళ్ళ క్రితం, రాబోయే ఒక పెద్ద ఆట కోసమని ఏడాది ముందే 4 జీబీ వీర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాను. ఆట వచ్చేసరికి అదే సొమ్ముకి 6 జీబీవి దొరుకుతున్నాయి. నా దాంట్లో ఆ ఆట మెనూ దాటి పది నిమిషాలు ఆడనివ్వలేదు. ఆ డబ్బు మా నాన్నగారు చేపల చెరువు లీజుకి పక్కన పెట్టుకున్నది. అది ఇప్పటికీ నాకు నొప్పే. కాకపోతే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ధరలు ఎప్పుడూ కిందికే రావు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లు తరలిపోయి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. చదువుకో, పనికో ఇవాళ పీసీ కావాలంటే ఇవాళే కొనండి. రాని ఆట కోసం మాత్రం వద్దు.

ఇంకోటి. ఏ కంపెనీ పట్టికలోనూ రాయని అవసరాలు మన డెల్టాకి ఉన్నాయి.

[సీపీయూ లోపలికి కెమెరా.]

ఇది చూడండి. ర్యామ్ కాళ్ళ మీద ఈ పచ్చటి చిలుము. ఉప్పుగాలి. ఓడలరేవు, అంతర్వేది వైపు నుంచి వచ్చేవాటిలో ఇంకా ఎక్కువ ఉంటుంది. మెత్తటి రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు చచ్చిందనుకున్న పీసీ లేచి కూర్చుంటుంది. ఇదిగో, పీసీకి కరెంటు అందించే ఈ ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూలన రెండు బల్లి గుడ్లు. బల్లి సర్క్యూట్ మీద అడ్డంగా పడితే బోర్డే పోతుంది. వెనకాల ఖాళీగా ఉన్న స్లాట్లకి రేకు మూతలు బిగించండి, పది రూపాయల పని. వానాకాలంలో వాడకపోయినా రోజూ ఓ గంట ఆన్ చేసి ఉంచండి, ఆ వేడికి చెమ్మ ఆరుతుంది.

కరెంటు విషయంలో మొహమాటం వద్దు. చాలా మంచి ఎస్‌ఎంపీఎస్‌లు ఇప్పుడు యాక్టివ్ పీఎఫ్‌సీ అనే కరెంటు సర్దుబాటు ఏర్పాటుతో వస్తున్నాయి. వాటిలో కొన్నిటికి చవక యూపీఎస్ ఇచ్చే చదరపు తరంగం పడదు, కరెంటు పోగానే పీసీ కూడా ఆరిపోతుంది. ప్యూర్ సైన్ వేవ్ అని రాసి ఉన్నదే తీసుకోండి. కార్డు ఎంత కరెంటు తాగుతుందో కూడా చూడండి. ఆర్‌టీఎక్స్ 4060 తాగేది 115 వాట్లు, 4090 తాగేది 450. మే నెలలో గది 40 డిగ్రీలుంటే ఫ్యాను లాక్కునేది ఆ 40 డిగ్రీల గాలినే. తక్కువ తాగే కార్డే మన ఇళ్ళకి నయం.

ఇదంతా విన్నాక బాబాయిగారు అడిగారు, "మరి వీణ్ణి అప్పటిదాకా ఏం చెయ్యమంటావు బాబూ?"

ఈ సీపీయూలో నాలుగో తరం ఐ5, జీటీఎక్స్ 1050 టీఐ, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. చిలుము తుడిచాం, బల్లి గుడ్లు తీసేశాం, హార్డ్ డిస్క్ పక్కన చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టాం. విచర్ 3ని పాత కార్డులకి తేలికైన డైరెక్ట్‌ఎక్స్ 11 మోడ్‌లో పెట్టి, మీడియం సెట్టింగుల మీద ఆడి చూశాం. బాగా నడిచింది. అబ్బాయి ఇంతవరకు అది ఆడనే లేదట! దింపు డబ్బుల్లో ఎక్కువభాగం బాబాయిగారి జేబులోనే ఇంటికెళ్ళాయి.

నిన్న రాత్రి పదకొండింటికి వాడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఆటలో వైట్ ఆర్చర్డ్ ఊళ్ళో ఆ గ్రిఫిన్ రాక్షసికి ఎర వేయడానికి బక్‌థార్న్ మొక్క కావాలంట. ఊరంతా తిరిగాను, గట్టు మీద ఎక్కడా లేదు."

"గట్టు మీద ఉండదురా" అన్నాను. "ఏట్లోకి దిగు. నీళ్ళ అడుగున ఉంటది."