ముందు మ్యూట్ నొక్కండి
(జిల్లా విలేకరులు, టీవీ డెస్క్ సిబ్బంది కోసం చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, నమస్కారం.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఊరి మీదికొచ్చింది. 12 మంది పోయారు. గ్యాస్ వాసనలో నిలబడి లైవ్ ఇచ్చిన విలేకరిని ఆ తర్వాత మెచ్చుకున్నాం, బాగానే ఉంది. మరి అదే పొద్దున ఏసీ గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నడుస్తూ నడుస్తూ రోడ్డు మీద కుప్పకూలిన మనుషుల విజువల్స్‌ను ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చున్న వీడియో ఎడిటర్‌ని ఎలా ఉన్నావని మనలో ఎంతమందిమి అడిగాం?

ఆ విజువల్‌ని ప్రేక్షకుడు పది సెకన్లు చూస్తాడు. ఎడిటర్‌కి అలా కుదరదు. ఫీడ్ దిగగానే ఒకసారి, ఎక్కడ కట్ చేయాలో చూసుకోవడానికి రెండు మూడుసార్లు, పైనుంచి 'ఇంకాస్త పెంచు' అన్నప్పుడు మళ్లీ. అన్నిటికన్నా కష్టం బ్లర్. అది చూసేవాళ్ల కోసం వేస్తాం కానీ, వేసే మనిషి ఆ ముఖాన్ని ఫ్రేము తర్వాత ఫ్రేము వెంటాడాలి. ఆ ముఖాన్ని అందరికంటే దగ్గరగా, అందరికంటే ఎక్కువసేపు చూసేది అతనే.

'స్క్రీన్ మీద చూస్తే ఏమవుతుంది' అనేవాళ్లకు ఒక సంగతి. మానసిక వ్యాధుల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం డీఎస్ఎం-5 2013లో వచ్చింది. టీవీలోనో ఫోన్లోనో చూసిన ఘోరాన్ని పీటీఎస్‌డీకి, అంటే ఘోరం చూశాక మనిషిని వదలకుండా పట్టుకునే మానసిక వ్యాధికి, కారణంగా అది ఒప్పుకోదు, ఒక్క సందర్భంలో తప్ప: ఉద్యోగంలో భాగంగా చూడాల్సి వచ్చినప్పుడు. అంటే మన డెస్కే. కెనడా సైకియాట్రిస్టు ఆంథొనీ ఫైన్‌స్టైన్ బృందం 2014లో అంతర్జాతీయ వార్తాసంస్థల న్యూస్‌రూముల్లో ఇలాంటి ఫుటేజీ చూసేవాళ్లను పరిశీలించింది. ఎంతసేపు చూశారన్నదానికన్నా ఎంత తరచుగా చూడాల్సి వచ్చిందన్నదే వాళ్లను ఎక్కువగా దెబ్బతీసిందని తేలింది. కాబట్టి గుండె గట్టి చేసుకోమని చెప్పడం దండగ. చూడాల్సిన సార్లు తగ్గించాలి. అది పని పద్ధతితో అయ్యే పని.

మొదలు స్ట్రింగర్, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్, ఫోన్ దగ్గరే. 'వైజాగ్ గ్యాస్ 14' అని ఫైలు పంపితే లోపల ఏముందో తెరిచేవాడికి తెలియదు. సిద్ధంగా లేనప్పుడు ఎదురైన దృశ్యమే ఎక్కువ పట్టుకుంటుంది. '40వ సెకను నుంచి మృతదేహం, పిల్లాడు, తల్లి ఏడుపు' అని వీడియోతో పాటు ఒక లైను రాయండి. పది సెకన్ల పని. తెరిచేవాళ్లు ముందు మ్యూట్ నొక్కి, విండో చిన్నది చేసి, టైమ్‌లైన్ మీద గబగబా జరుపుతూ చూడండి. బొమ్మ మరుగునపడినా ఏడుపు చెవిలో మిగిలిపోతుంది. బైట్, అంటే మనిషి మాట్లాడిన ముక్క, కట్ చేయాలంటే శబ్దం కావాలి, నిజమే. అప్పుడు ఆ ముక్కకే పెట్టుకోండి. ముఖంతో పని లేకపోతే స్క్రీన్ మీద ఆ మూల ఒక కాగితం అంటించండి. నవ్వొచ్చినా పనిచేస్తుంది.

ఫుటేజీ మొత్తం చూసేది ఒక్కరే కావాలి. వాడదగ్గ ముక్కలు తీసి పెట్టాక మిగతావాళ్లు వాటినే తీసుకోవాలి. ఆ ఒక్కరు రోజూ ఒకే మనిషి కాకుండా షిఫ్ట్ ఇన్‌ఛార్జి చూసుకోవాలి. 'వాడికి అలవాటేలే' అని ఒకడి మీదే వేస్తూ పోవడం మనం చేసే పెద్ద తప్పు.

వాట్సాప్ సంగతి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాకి వెళ్లి మీడియా ఆటో-డౌన్‌లోడ్ ఆపేయండి. ఆఫీసు గ్రూపులకు మీడియా విజిబిలిటీ కూడా ఆపండి. ఆపకపోతే రాత్రి ఇంట్లో పాప పుట్టినరోజు ఫోటోలు చూపిస్తూ వేలు జరిపితే పక్కనే మార్చురీ ఫోటో వస్తుంది.

స్ట్రింగర్ బాధ వేరు. పోయినవాడు అతనికి తెలిసినవాడే అయి ఉంటాడు, ఎదురింటివాడు కూడా కావచ్చు. డెస్క్ నుంచి వెళ్లే మొదటి ప్రశ్న 'ఫోటో దొరికిందా?' శవం ఇంకా ఇంటికి రాకముందే గడప ఎక్కి పాస్‌పోర్ట్ సైజు ఫోటో అడగాలి. ఇందులో భయం లేదు, సిగ్గు ఉంది. ఈ పని చేసి ఉండకూడదన్న బాధను నిపుణులు నైతిక గాయం అంటారు. దానికి మందు కూడా పనిలోనే ఉంది: ఊళ్లో ఉన్న విలేకరులందరి తరఫున ఒక్కరే, బంధువుల ద్వారా, ఒక్కసారి అడిగి అందరికీ పంచాలి. వేరే ఛానెల్‌కి బాగా వచ్చిందని మళ్లీ ఆ ఇంటికి తోలకండి. ఫోన్ చేస్తే 'ఎక్కడున్నావు, ఏమన్నా తిన్నావా' అని మొదలుపెట్టండి.

ఆస్ట్రేలియాలో ఏళ్ల తరబడి నేర, కోర్టు వార్తలు రాసిన విలేకరికి కలిగిన మానసిక గాయానికి 'ది ఏజ్' పత్రిక 1,80,000 డాలర్లు చెల్లించాలని 2019లో విక్టోరియా కోర్టు తీర్పిచ్చింది. అపాయింట్‌మెంట్ లెటరే లేకుండా అచ్చయిన లైన్ల లెక్కన డబ్బిచ్చే లైన్ అకౌంట్ మీద బతికే మన కంట్రిబ్యూటర్ ఏ కోర్టుకి వెళ్తాడో నన్నడగకండి.

మొదటి రెండు మూడు వారాలు నిద్ర చెడటం, దృశ్యం కళ్ల ముందు తిరగడం మామూలే, చాలామందికి అదే సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకపోతే, ఆ రోడ్డు వైపు వెళ్లకుండా చుట్టూ తిరిగి వెళ్తుంటే, చిన్న చప్పుడుకి ఉలిక్కిపడుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మెడికల్ షాపులో నిద్రమాత్ర, రాత్రికి క్వార్టర్, ఈ రెండూ మనవాళ్ల సొంత వైద్యం. రెండూ వద్దు. ఘటన మర్నాడే అందరినీ కూర్చోబెట్టి ఏం చూశారో చెప్పమని బలవంతపెట్టే సమావేశం కూడా వద్దు. అలాంటి ఒక్కపూట డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపదని పరిశోధనల్లో తేలింది. ఆఘాతానికి ప్రత్యేకించిన సీబీటీ (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిపిస్తూ ఆ జ్ఞాపకం మీద పనిచేసేది) చికిత్సలు పనిచేస్తాయి. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రైనా పగలైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరెత్తితే నవ్వడం మన న్యూస్‌రూముల్లోనే ఎక్కువ.

చివరగా లైబ్రరీ. ఏటా మే 7 వస్తుంది, 'గ్యాస్ లీక్ విజువల్స్ తీయండి' అంటారు. కొత్తగా చేరిన కుర్రాడు ఫోల్డర్ మొత్తం తెరిచి మొదటినుంచి చూస్తాడు. ఘటన జరిగిన వారంలోనే బ్లర్ పూర్తయిన 40 సెకన్ల ప్యాకేజీ ఒకటి చేసి 'ఫైల్ షాట్స్, సేఫ్' అని పెట్టండి. రా ఫుటేజీని వేరే ఫోల్డర్లో తాళం వేసి, తాళం ఎవరి దగ్గరుందో పేరు రాసి ఉంచండి.