బండ్లు లేని కొండదారి

శ్రోతలందరికీ నమస్కారం. ఈ పూట సైకిల్ గురించి మాట్లాడుకుందాం. బడికి పోయే సైకిల్ కాదు, బరువు తగ్గడానికి పొద్దున్నే స్టేడియం చుట్టూ తిప్పే సైకిల్ కూడా కాదు. మంచు కొండల మధ్య, తారు లేని కంకర దారిలో, ముందూ వెనకా ఒక్క మోటారు బండి లేకుండా గంటల తరబడి తొక్కుకుంటూ పోయే సైకిల్. దీన్ని గ్రావెల్ సైక్లింగ్ అంటున్నారు. గ్రావెల్ మనకు కొత్తేమీ కాదు, ఎన్నికల ముందు పంచాయతీ వాళ్ళు ఊరి బాటకు తోలించే ఎర్ర గరుసే అది. దాని మీద తొక్కడానికి జనం లక్షలు పోసి సైకిళ్ళు కొంటున్నారంటే మా మామ అస్సలు నమ్మలేదు. "ఉన్న తారు రోడ్డు ఇడిసిపెట్టి రాళ్ళల్లో పడేదేందిరా?" అన్నాడు.

ఆయనకు జవాబు కావాలంటే గువ్వలచెరువు ఘాట్‌కు పోవాలి. కడప నుంచి రాయచోటి పోయేటప్పుడు వచ్చే ఆ ఘాట్‌లో మలుపు మలుపుకీ కొండలు ఒక్కో రకంగా కనిపిస్తాయి, పైగా ఆ ఊరి పాలకోవా గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. కానీ సైకిల్ మీద ఆ ఘాట్ ఎక్కేవాడికి కొండలూ కనపడవు, కోవా కూడా గుర్తుకురాదు. చెవులు రెండూ వెనక వచ్చే లారీ మీదే ఉంటాయి, హారన్ మోగితే ఎంత పక్కకు జరగాలి, జరిగితే అవతల ఏముంది, ఎదురుగా బస్సు వస్తే ఏం చేయాలి అనే లెక్కలతోనే ఘాట్ అయిపోతుంది. కాళ్ళ కంటే ముందు మనసు అలిసిపోతుంది. రాళ్ళ దారిలో వొళ్ళు హూనమవుతుంది, నిజమే, కానీ ఈ టెన్షన్ ఉండదు. నాకైతే ఆ బేరం నచ్చింది.

ఇప్పుడు ఇటలీకి పోదాం. టురిన్ నగరానికి పడమట ఆల్ప్స్ కొండల్లో అస్సియెట్టా అనే దారి ఉంది. ఒక పక్క సుసా లోయ, ఇంకో పక్క కిసోనె లోయ, మధ్యలో కొండ వెన్ను మీదుగా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు కంకర రోడ్డు, చాలావరకు 2,000 మీటర్లకు పైనే నడుస్తుంది. ఒకప్పుడు సైన్యం కోసం వేసిన దారి అది, ఫిరంగులు లాక్కుపోవడానికి వీలుగా మరీ నిట్టనిలువుగా కాకుండా వంపులు తిప్పుకుంటూ వేశారు. ఫిరంగుల కాలం పోయింది, దారి మిగిలింది. అంత ఎత్తులో రెండు వైపులా లోయలు కనిపిస్తుంటే మోటారు సైకిళ్ళ వాళ్ళు, జీపుల వాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళూ వచ్చారు, దుమ్ము లేచింది. అప్పుడు అక్కడి అధికారులు చేసిన పని చాలా సింపుల్: జూలై, ఆగస్టు నెలల్లో బుధవారం, శనివారం పగటిపూట ఆ దారిలోకి మోటారు బండ్లు రాకూడదన్నారు. మిగిలిన రోజుల్లో రావచ్చు, నెమ్మదిగా పోవాలి. అంతే. ఎవరినీ శాశ్వతంగా తరిమేయలేదు, వారంలో రెండు రోజులు కాలినడకకూ సైకిళ్ళకూ రాసిచ్చారు.

ఆ పక్కనే కొల్లె దెల్లె ఫినెస్త్రె అని ఒక కనుమ ఉంది, ఎత్తు 2,178 మీటర్లు. సుసా వైపు నుంచి ఎక్కితే పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా ఎక్కుడే, సగటున వంద మీటర్లకు తొమ్మిది మీటర్లు పైకి లేస్తుంది, చివరి ఎనిమిది కిలోమీటర్లు కంకర. ఇటలీ వాళ్ళ పెద్ద సైకిల్ పోటీ జీరో ద ఇటాలియాను 2005లో మొదటిసారి దీని మీదుగా నడిపించారు. 2018లో బ్రిటన్ సైకిల్ వీరుడు క్రిస్ ఫ్రూమ్ ఇదే కంకర మీద అందరినీ వదిలేసి, ఇంకా 80 కిలోమీటర్లు మిగిలి ఉండగా ఒంటరిగా వెళ్ళిపోయి ఆ రోజు రేసూ గెలిచాడు, మొత్తం పోటీ కూడా గెలిచాడు. రోడ్డు బాగాలేదు అని మనం అనే మాటకు అక్కడ ఇంకో విలువ ఉందన్నమాట.

సరే, ఇటలీ మనకు దూరం. మన దేశంలో ఇట్లాంటి దారి అంటే నాకు మొదట గుర్తొచ్చేది హిమాచల్‌లోని స్పితి లోయ. కాజా అనేది అక్కడి ముఖ్యమైన ఊరు, 3,600 మీటర్లు దాటిన ఎత్తు. కడప పట్టణం 140 మీటర్లు కూడా ఉండదు, మనం ఎండాకాలంలో చల్లదనానికి పోయే హార్స్‌లీ కొండ 1,265 మీటర్లు, ఇంక మీరే ఊహించుకోండి. కాజాకు పోవడానికి రెండు దారులు. మనాలి వైపు నుంచి కుంజుమ్ కనుమ దాటి పోవచ్చు, దగ్గర, కానీ ఒక్కసారిగా 4,500 మీటర్ల పైకి తీసుకుపోతుంది, దారి చాలావరకు రాళ్ళు, మధ్యలో వాగులు. సిమ్లా, కిన్నౌర్ మీదుగా పోతే దూరం ఎక్కువ, కానీ ఎత్తు మెల్లమెల్లగా పెరుగుతుంది. మైదానాల నుంచి పోయే మనలాంటి వాళ్ళకు ఈ రెండోదే మంచిది.

ఎందుకంటే గాలి. కొండ మీద ఆక్సిజన్ శాతం తక్కువ అని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు, ఎక్కడైనా 21కి అటూ ఇటే. తగ్గేది గాలి ఒత్తిడి. కాజా ఎత్తులో అది సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో సుమారు మూడింట రెండొంతులే, 5,500 మీటర్ల దగ్గర సగమే. ఒక్కో ఊపిరిలో లోపలికి పోయే ఆక్సిజన్ ఆ మేరకు తక్కువ. ఇక్కడ ఆడుతూ పాడుతూ ఎక్కే చిన్న మిట్ట దగ్గర అక్కడ దిగి నిలబడి రొప్పుతాం. ఒత్తిడి తగ్గితే నీళ్ళు కూడా తొందరగా మరుగుతాయి, కాజాలో 88 డిగ్రీల దగ్గరే తెర్లుతాయి, అందుకే కుక్కర్ లేకుండా కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా పలుకుగానే ఉంటుంది. నాకు ఈ సంగతి ఏ సైన్సు పాఠం కంటే బాగా గుర్తుండిపోయింది.

ఒంటికి ఆ ఎత్తు అలవాటు కావాలంటే టైము ఇవ్వాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలని డాక్టర్లు చెప్తారు. పగలు ఎంత ఎత్తుకైనా తొక్కుకుంటూ పోయి మళ్ళీ కిందికి వచ్చి పడుకోవచ్చు, లెక్కకు వచ్చేది పడక. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. అప్పుడు ఇంకా పైకి పోకూడదు. కూర్చున్న చోటే ఆయాసం వస్తున్నా, మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి, తెల్లారేదాకా చూద్దాం అనకుండా వెంటనే కిందికి దించాలి. మాత్రలు ఉన్నాయి, కానీ అవి డాక్టరును అడిగి వేసుకునేవి, తోడు వచ్చినవాడి జేబులోంచి తీసుకుని మింగేవి కాదు. జిమ్ములో కండలు పెంచినవాడికి ఎత్తు దెబ్బ తగలదు అనేది కూడా వట్టి మాట. గట్టిగా తొక్కగలిగినవాడే తొందరగా పైకి పోయి తొందరగా పడతాడు.

ఇంకో రెండు సంగతులు. మంచు కరిగి వచ్చే వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయి, పొద్దున మోకాలి లోతు కూడా లేనిది సాయంత్రానికి మనిషిని లాగేస్తుంది, కాబట్టి దాటేది ఏదైనా ఉదయమే దాటాలి. గాలి కూడా అంతే, మధ్యాహ్నం దాటితే లోయలో ఎదురుగాలి మొదలవుతుంది. ఈ విషయంలో మాత్రం అనంతపురం వాళ్ళకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వక్కర్లేదు. ఆషాఢంలో రామగిరి గాలిమరల కింద పడమటికి తిరిగి సైకిల్ తొక్కినవాడు ప్రపంచంలో ఏ గాలికీ జంకడు.

సైకిల్ గురించి ఎక్కువ చెప్పను, అంగడిలో వాళ్ళే చెవులు చిల్లులు పడేలా చెప్తారు. టైరు లావుగా ఉండాలి, 40 నుంచి 50 మిల్లీమీటర్లు, గాలి కాస్త మెత్తగా కొట్టుకోవాలి, డిస్కు బ్రేకులు, బాగా తేలికైన గేరు ఒకటి. ట్యూబు లేని టైరులో పాలలాంటి ద్రవం పోస్తారు, ముల్లు గుచ్చుకుంటే అది బయటికొచ్చి గడ్డకట్టి చిల్లు పూడుస్తుంది. స్పితిలో ఏమో గానీ పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ఉన్న మన సీమలో ఇది ఉంటే సగం చిరాకు తప్పుతుంది. మొదలుపెట్టడానికైతే ఇంట్లో ఉన్న గేర్ల సైకిల్ చాలు.

ఈ నిశ్శబ్ద దారులు ఎట్లా పుడతాయో చూస్తే ఒకటి అర్థమవుతుంది. 2020 అక్టోబరులో మనాలి పైనున్న రోహ్‌తాంగ్ కనుమ కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక లద్దాఖ్‌లోని లేహ్ పోయే లారీలు అందులోంచి పోతున్నాయి, పైన పాత దారికి ఆ బరువు తగ్గింది. కొత్త రోడ్డు పడ్డ చోటల్లా పాతది ఒకటి ఖాళీ అవుతుంది. అయితే టూరిస్టు కార్లు వెంటనే ఆ ఖాళీలో దూరుతాయి, ఎవరో ఒకరు గేటు వేస్తే తప్ప. గేటు వేయడం మనకు చేతకాని పనేమీ కాదు. ఆత్మకూరు నుంచి నల్లమల అడవిలో దోర్నాల పోయే దారికి రాత్రిపూట గేటు పడుతుంది, పులులూ మిగతా జంతువులూ బండ్ల కింద పడకుండా. గేటు పడేలోగా దాటాలని డ్రైవర్లు టైము చూసుకుంటారు, అలవాటైపోయింది. జంతువుల కోసం రాత్రి ఆపగలిగినవాళ్ళం, మనుషుల కోసం ఒక పూట ఆపలేమా? నల్లమలలోకి సైకిళ్ళు తోలుకుపొమ్మని నేను చెప్పడం లేదు, అది పులుల రిజర్వు, దాన్ని అట్లాగే వదిలేయాలి.

నా కన్ను కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ గట్టు మీద ఉంది. సుంకేసుల నుంచి కడప దాకా 300 కిలోమీటర్ల కాలువ, 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది, అప్పట్లో పడవలు కూడా తిరగాలని దాని ఆశ. గట్టు మీద చాలాచోట్ల గరుసు బాట ఉంది, పక్కన నీళ్ళు, చెట్లు, వరి మళ్ళు. ఎక్కుడు లేదు కాబట్టి కొత్తవాళ్ళకూ పిల్లలకూ భయం లేదు. దాంట్లో ఒక ఇరవై కిలోమీటర్ల ముక్క తీసుకుని, ఆదివారం తెల్లవారుజాము నుంచి తొమ్మిది దాకా నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ మాత్రమే అంటే చాలు. కోతల కాలంలో వద్దు, అప్పుడు ట్రాక్టర్లు పోవాలి, అడ్డుపడితే రైతులు తిడతారు, తిట్టాలి కూడా. జలవనరుల శాఖ ఒప్పుకోవాలి, పంచాయతీలు ఒప్పుకోవాలి, ఆ తర్వాత కావాల్సింది రెండు కర్రలు, ఒక తాడు, కాపలాకు ఇద్దరు మనుషులు.

నంద్యాల, చాపాడు, మైదుకూరు వైపు వింటున్నవాళ్ళు ఒక పని చేయండి. మీ ఊరి పక్కన గట్టు బాట ఎట్లా ఉంది, ముళ్ళకంప లేకుండా ఎంతదూరం పోవచ్చు, ఎక్కడ తెగింది, ఏ నెలల్లో ట్రాక్టర్లు ఎక్కువ, ఇవి ఒక కార్డు మీద రాసి ఆకాశవాణి కడప కేంద్రానికి పంపండి. అన్నీ కలిపి చూసుకుంటే ఏ ముక్క అడగాలో తేలుతుంది. ఉంటాను, నమస్కారం.