చెరువు గట్టు మీద విదేశాంగ విధానం: గోదావరి జిల్లాల్లో ఐక్య వేదిక కట్టేదెలా

నమస్కారమండి. 2025 ఆగస్టు 27న మన రొయ్య మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అందులో 25 శాతం ఆగస్టు 7నే పడింది. మిగతా 25 శాతం మనదేశం రష్యా చమురు కొంటోందన్న కోపంతో వేసింది. మరీ చవగ్గా అమ్ముతున్నామంటూ 2005 నుంచి వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం వీటికి వేరు. ఆ తర్వాత అంకెలు మారాయి, ఇంకా మారతాయి కూడా. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువు గట్టు మీద కూర్చున్న రైతుకి మాత్రం రష్యా చమురు సంగతి కౌంట్ ధర (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధర) రూపంలో తెలిసింది. విదేశాంగ విధానం ఢిల్లీ వాళ్ళ గొడవ, మనకెందుకు అనేవాళ్ళకి ఇంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదు.

ఇలాంటి విషయాల మీద ఊళ్ళో ఒక ఐక్య వేదిక ఎలా కట్టాలో ఇవాళ చూద్దాం. సామ్రాజ్యవాదం నశించాలి అనే బ్యానర్‌తో మొదలుపెడితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. ఎప్పుడూ వచ్చే పాతికమందే వస్తారు, ఫోటో దిగుతారు, వెళ్ళిపోతారు. గుమ్మం దాకా వచ్చిన సమస్యతో మొదలెట్టండి. మన డెల్టాలో అలాంటివి రెండున్నాయి. ఒకటి రొయ్య, రెండోది గల్ఫ్.

మొదటి సమావేశానికి పదిహేను మంది చాలు. ఆక్వా రైతులు, ప్రాసెసింగ్ ప్లాంట్లో రొయ్య తలలు తీసే మహిళలు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు, దళిత సంఘాలు, చర్చి, మసీదు కమిటీలు, ఒక లాయరు, ఒక రిటైర్డ్ మాస్టారు. పార్టీ వాళ్ళని పిలవండి, జెండాలు బయట పెట్టి రమ్మనండి. ప్లాంటు మహిళల్ని పిలిచేటప్పుడు షిఫ్టు చూసుకోండి. సాయంత్రం ఆరింటికి సభ పెట్టి, వాళ్ళు రాలేదని నిష్ఠూరమాడి లాభం లేదు. ఇద్దరికి తక్కువ కాకుండా రమ్మనండి. ఒక్కావిడే వస్తే నోరు విప్పదు, పైగా ఆవిడ ఏం మాట్లాడిందో మర్నాటికల్లా సూపర్వైజరుకి తెలిసిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. రైతు అంటాడు: త్వరగా ఒప్పందం చేసుకోమనండి, మా రొయ్య పోవాలి. ఎర్రజెండా వాళ్ళంటారు: అమెరికాకి తలొంచడానికి వీల్లేదు. ప్లాంటు మహిళలంటారు: సుంకం పేరు చెప్పి మా పనిరోజులు కోశారు, ముందు అది చూడండి. ముగ్గురి మాటా నిజమే, ముగ్గురినీ ఒక వాక్యంలో ఇరికించబోతే మాత్రం వేదిక రెండో వారానికే విడిపోతుంది. ముగ్గురూ సంతకం పెట్టగలిగేది ఏదో వెతకాలి. ఒకటుంది. 2025 నవంబరులో కేంద్రం ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కి 25,060 కోట్లు ఆమోదించింది. అది ఎగుమతిదారుల కోసం. అందులో చెరువు దాకా, ప్లాంటు కూలీ దాకా ఎంత వస్తుంది? ఈ ప్రశ్న దగ్గర ఎవరికీ పేచీ ఉండదు. ఒప్పందం చేసుకోవాలా వద్దా అన్నదాని మీద ఎవరి మాట వాళ్ళు విడిగా చెప్పుకోవచ్చని మినిట్స్ పుస్తకంలో రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించండి. ఆ రాత లేకపోతే ఎవడో పేపర్లో ప్రకటన ఇచ్చిన రోజున కొంప మునుగుతుంది.

ఇంకోమాట. ఈక్వెడార్ రొయ్యకి అప్పట్లో 15 శాతమే పడిందని మనవాళ్ళు ఆ దేశాన్ని తిట్టారు. మనలాగే బతికే పరాయివాళ్ళ మీద కోపం పెంచుకుంటే ఎక్కడికి పోతుందో తెలియాలంటే, 1930 మేలో బర్మాలోని రంగూన్ రేవులో ఏమైందో చూడండి. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళినవాళ్ళు గనక మన తెలుగు కూలీల్ని అక్కడ కోరంగీలు అనేవారు. వాళ్ళు సమ్మె కడితే యజమానులు బర్మా కూలీల్ని పెట్టుకున్నారు. సమ్మె తేలాక బర్మా వాళ్ళని పొమ్మన్నారు. ఆ పూట రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకి, పోయినవాళ్ళలో ఎక్కువమంది మన కూలీలే.

సరే, ఆ సాయంలో చెరువుకీ కూలీకీ ఎంత అన్న ప్రశ్న ఎవర్ని అడగాలి? కలెక్టరేట్ ముందు ధర్నా చేస్తే కలెక్టరుగారు వినతిపత్రం తీసుకుంటారు, అంతే. విదేశీ వ్యవహారాలు రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో కేంద్ర జాబితాలో ఉన్నాయి. దారి ఎంపీ. లోక్‌సభలో ప్రశ్నకి 15 రోజుల ముందు నోటీసివ్వాలి, ప్రశ్న 150 మాటలు దాటకూడదు. వాదన, వ్యంగ్యం ఉంటే తీసుకోరు. మిత్రదేశాన్ని అమర్యాదగా అన్నా తీసుకోరు. అమెరికా దౌర్జన్యాన్ని ఎందుకు ఖండించరు అని రాసిస్తే అది అక్కడే ఆగిపోతుంది. ఇలా రాయండి: అ) 2025 ఆగస్టు తర్వాత రొయ్యల ఎగుమతిదారులకి ఇచ్చిన సాయం రాష్ట్రాల వారీగా ఎంత? ఆ) అది రైతులకి, ప్లాంటు కార్మికులకి చేరేలా ఏ షరతు పెట్టారు? ఇ) పెట్టకపోతే కారణమేంటి? ఇది వాణిజ్య శాఖకి వెళ్తుంది. గల్ఫ్ ప్రశ్నైతే విదేశాంగ శాఖకి. రెండూ ఒకే కాగితంలో కలిపేయకండి.

ఒక మెలిక ఉందండోయ్. మంత్రులు సభలో ప్రశ్నలు వేయరు. నరసాపురం ఎంపీగారు 2024 జూన్‌లో కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. మీ ఎంపీ మంత్రిగా ఉంటే పక్క నియోజకవర్గం ఎంపీ దగ్గరికో, రాజ్యసభ సభ్యుడి దగ్గరికో వెళ్ళండి. యానాం వాళ్ళు మీతో కలిస్తే ఇంకో మెలిక. చుట్టూ మన కోనసీమ, కాకినాడ జిల్లాలే ఉన్నా, వాళ్ళ ఎంపీ పుదుచ్చేరి, వాళ్ళ పోలీసు పర్మిషన్ పుదుచ్చేరి. వాళ్ళ సంతకాలు వేరే షీటు మీద తీసుకోండి.

సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయలు, జవాబుకి ముప్పై రోజులు. అమెరికాతో చర్చల్లో ఏం మాట్లాడారు అని అడిగితే సెక్షన్ 8(1)(ఎ) చూపించి తోసిపుచ్చుతారు. విదేశాలతో సంబంధాలకి ఆ మినహాయింపు ఉంది. ఎంత, ఎన్ని, ఏ తేదీన అని లెక్కలడగండి.

ఇక గల్ఫ్. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళలో చాలామందివి ఈసీఆర్ పాస్‌పోర్టులు, అంటే పనికి వెళ్ళేముందు ప్రభుత్వ క్లియరెన్స్ కావాల్సినవి, పదో తరగతి పాసవనివాళ్ళవి. గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి ఇలాంటి ఆడవాళ్ళకి ముప్పై ఏళ్ళు నిండితేనే క్లియరెన్స్ ఇస్తారు. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. వయసు చాలనప్పుడు ఊరి సబ్ ఏజెంటు విజిట్ వీసా మీద పంపించేస్తాడు. అప్పుడు విదేశాలకి పనికి వెళ్ళేవాళ్ళ పేర్లు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్ ఈమైగ్రేట్‌లో ఆవిడ పేరే ఉండదు, పది లక్షల ప్రవాసీ బీమా కూడా ఉండదు. ఏదైనా జరిగాక ఎంబసీకి చెప్పాలంటే పాస్‌పోర్టు నంబరే ఇంట్లో దొరకదు. అందుకే వేదిక తరఫున వారానికో రోజు రెండు గంటలు బల్ల వేసుకుని కూర్చోండి. వెళ్ళబోయేవాళ్ళవి పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాపీ, ఏజెంటుకిచ్చిన డబ్బు రసీదు తీసుకుని ఒక ఫైల్లో పెట్టండి. కువైట్ వెళ్ళాక సివిల్ ఐడీ ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళ కోసం విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్లో ఫిర్యాదుకి ఇవే కావాలి. ఈ బల్ల దగ్గరికి వచ్చిన కుటుంబాలే రేపు మీ సభకి వస్తాయి.

గాజా గురించి మాట్లాడేది ఎప్పుడంటారా? ఈ బల్ల నాలుగు నెలలు నడిచాక. అప్పటికి మసీదు కమిటీ, చర్చి, రైతు సంఘం ఒకరికొకరు ఫోన్ చేసుకునేంత చనువు వస్తుంది. పాలస్తీనాని మన దేశం 1988లోనే గుర్తించింది, ఆ మాట మీద నిలబడి అడగడం ఏ పార్టీవాడికీ ఇబ్బంది కాకూడదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం కిందున్న 11 మేజర్ పోర్టుల్లో సభ్యులున్న రేవు కార్మికుల ఫెడరేషన్, ఇజ్రాయెల్‌కి ఆయుధాల సరుకు ఎత్తం అని ప్రకటించింది. తమ చేతిలో ఉన్న పని గురించే చెప్పారు చూడండి, మీ తీర్మానం కూడా అలాగే రాయండి. కాకినాడ మేజర్ పోర్టు కాదు, రాష్ట్రం కిందది, కాబట్టి అక్కడి హమాలీలతో విడిగా మాట్లాడుకోవాలి.

డబ్బు దగ్గర జాగ్రత్త. మన జిల్లాల వాళ్ళు అమెరికాలో బోలెడుమంది, చందా పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన పంపితే విదేశీ విరాళం కింద రాదు. పౌరసత్వం మారినవాళ్ళు, సొంత మేనమామే అయినా, పంపితే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కిందకి వస్తుంది, రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకుంటే కేసు. మొహమాటపడకుండా వద్దనండి. హాలు అద్దె, జిరాక్సులు, టీలు ఇక్కడి చందాలతోనే గడుస్తాయి.

ఊరేగింపుకి పోలీసు దరఖాస్తు వారం ముందే ఇచ్చి, రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. పోలీసు చట్టం సెక్షన్ 30 (ఊరేగింపులకి అనుమతి కావాలనేది) ఉందని కుదరదంటే రాతలో ఇవ్వమని అడగండి. ఆ కాగితం లేకుండా లాయరుగారు హైకోర్టులో ఏం చూపిస్తారు? ఈలోపు సభ హాల్లో పెట్టుకోండి. మైకు రాత్రి పదికల్లా ఆపేయాలి.

ఎంపీ వేసిన ప్రశ్నకి జవాబు ఇంగ్లీషులో వస్తుంది, సగం పేజీ ఉంటుంది. మాస్టారి చేత తెలుగులో రాయించి, ప్లాంటు గేటు దగ్గర షిఫ్టు మారే వేళకి, చెరువుల దగ్గర మేత వేసే వేళకి చదివి వినిపించండి. జవాబులో అంకె లేకుండా చర్యలు తీసుకుంటున్నాం అని మాత్రమే ఉంటే, ఆ వాక్యం కింద గీత గీసి, వచ్చే పార్లమెంటు సమావేశాల ప్రశ్న నోటీసు కాగితానికి అదే పిన్ చేయండి.