బాత్‌టబ్‌లో చేప, టేబుల్ మీద ఖాళీ ప్లేటు: పోలండ్ వాళ్ళని ఇట్టే పట్టేసే సంగతులు

[స్క్రీన్ మీద: తెల్లటి బాత్‌టబ్, నీళ్ళ చప్పుడు]

ఒక్కసారి ఊహించుకోండి. డిసెంబర్ నెల, బయట మంచు, మీరు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికని బాత్రూమ్ తలుపు తీశారు, టబ్‌లో మోచెయ్యంత చేప ఒకటి హాయిగా ఈదుతోంది. ఇంట్లో ఎవరికీ కంగారు లేదు. పైగా పిల్లాడొకడు టబ్ పక్కనే పీట వేసుకుని కూర్చుని దానితో కబుర్లు చెప్తున్నాడు, దానికి ఒక పేరు కూడా పెట్టేశాడు. స్నానం ఎలా అంటే, బకెట్ ఉందిగా అంటారు.

ఈ సీన్ చెప్తే "ఆ, మా ఇంట్లో కూడా అంతే" అని ఎవరైనా నవ్వారంటే వాళ్ళు పోలండ్ వాళ్ళే, ఇంక పాస్‌పోర్ట్ చూడక్కర్లేదు.

నమస్తే అండి. నేను క్రాకూఫ్‌లో నాలుగేళ్ళుగా ఉంటున్నాను, అంటే మన పేపర్లలో క్రాకో అని రాస్తారే అదే ఊరు. ఈ వీడియో ఎందుకు చేస్తున్నానంటే, పోలండ్ అనగానే మనవాళ్ళకి యుద్ధం, చలి, లేదా 2022లో యుక్రెయిన్ నుంచి మన మెడికల్ స్టూడెంట్స్ బోర్డర్ దాటి వచ్చి ఫ్లైట్ ఎక్కిన దేశం, ఇంతవరకే తెలుసు, కానీ ఇక్కడి మనుషులు ఇళ్ళల్లో ఎలా ఉంటారో ఎవరూ చెప్పరు, నాకేమో వీళ్ళ ఇళ్ళంటే చాలా ఇష్టం.

ముందు ఆ చేప సంగతి తేల్చేద్దాం. అది కార్ప్, మనం బంగారు తీగ అంటామే అదే. ఇక్కడ క్రిస్మస్ అంటే 25 కాదు, 24 రాత్రి భోజనమే అసలు పండగ, దాన్ని విగీలియా అంటారు, ఆ రోజు మాంసం ముట్టరు, చేప తింటారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక దేశంలో తిండికి కరువు, సముద్రం చేపలు పట్టడానికి పడవలు కూడా సరిగ్గా లేవు, చెరువుల్లో తేలిగ్గా పెరిగేది ఈ కార్ప్ ఒక్కటే, అందుకని ప్రభుత్వమే దీన్ని ఊరూరా పంచింది. ప్రాణంతో ఉన్నదాన్ని తెచ్చుకోవాలి, ఫ్రిజ్‌లు అందరికీ లేవు, పైగా మంచినీళ్ళలో రెండు మూడు రోజులు ఉంచితే బురద వాసన పోతుందని నమ్మకం, మరి అంత చేపకి చోటెక్కడ, బాత్‌టబ్బే కదా. ఇప్పుడైతే చాలామంది ముక్కలు కోసినవే కొనుక్కుంటున్నారు, కానీ నలభై దాటిన ఎవర్ని కదిపినా వాళ్ళ చిన్నప్పటి చేప పేరు చెప్తారు, దాన్ని కోసిన రోజు ఎంత ఏడ్చారో కూడా చెప్తారు.

ఇంకోటి, ఆ చేప పొలుసు ఒకటి కడిగి ఆరబెట్టి పర్సులో పెట్టుకుంటారు, ఏడాదంతా డబ్బులకి లోటు ఉండదని. మా ఆఫీసులో ఒకాయన కాఫీకి బిల్లు కట్టబోతూ పర్సు తీస్తే కార్డుల వెనకాల ఏదో మెరిసింది, ఏంటది అంటే వేలు మీద పెట్టి చూపించాడు, గోరంత ఉంటుంది, ఎండిపోయి ఉల్లిపొర లాగా పారదర్శకంగా అయిపోయింది, అంచులు కొంచెం పసుపు తిరిగాయి. బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాసే మనిషి ఆయన.

సరే, ఇప్పుడు భాష. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్ళందరూ మొదటి వారంలోనే ఒక మాట దగ్గర ఆగిపోతారు. ఫోన్‌లో ఎవరైనా మాట్లాడుతుంటే "నో... నో... నో నో" అంటూ ఉంటారు, మనమేమో పాపం ఏదో గొడవ అవుతోంది అనుకుంటాం. కానీ పోలిష్‌లో ఆ "నో" అంటే "ఆ", "ఊ", "అవును మరి" అని. కాదు అనాలంటే "న్యే" అంటారు. ప్లంబర్ని రేపు వస్తారా అని అడిగితే "నో" అన్నాడంటే రేపు తలుపు తీసి పెట్టుకోవాలన్నమాట.

ఇంకా బావున్నారా అని అడిగితే ఇంగ్లీషు వాళ్ళలాగా ఫైన్ థాంక్యూ అని దాటేయరు. "స్తారా బ్యేదా" అంటారు, అంటే అదే పాత పేదరికం అని, మనం "ఏముంది, ఎప్పట్లాగే ఈడుస్తున్నాం" అంటామే సరిగ్గా ఆ టోన్. ఆ తర్వాత నిజంగానే చెప్తారు, మోకాలి నొప్పి, బాస్ సంగతి, కొళాయి లీకు, అన్నీ. దీన్ని బయటివాళ్ళు గొణుగుడు అనుకుంటారు, నాకైతే ఇది నమ్మకం అనిపిస్తుంది. కష్టం చెప్పారంటే మిమ్మల్ని సొంత మనిషిలా చూశారనే అర్థం.

వీళ్ళ వ్యాకరణం చూసి అందరూ హడలిపోతారు గానీ మనకి మరీ అంత కొత్త కాదండి. వీళ్ళకి ఏడు విభక్తులు, మనిషిని పిలవడానికి విడిగా ఒక విభక్తి, మన సంబోధన ప్రథమ లాగా. మనం రెండు పుస్తకాలు అంటాం, మనుషులైతే ఇద్దరు అంటాం, ఇంగ్లీషు వాడికి ఇది అర్థం కాదు, పోలిష్ వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్ళకి రెండు పిల్లులైతే ద్వా, ఇద్దరు ఆడవాళ్ళైతే ద్వ్యే, ఇద్దరు మగవాళ్ళైతే ద్వుఖ్, చిన్నపిల్లలిద్దరైతే ద్వోయె.

[స్క్రీన్ మీద: గుమ్మం దగ్గర వరసగా పాత చెప్పులు]

ఇప్పుడు ఇంట్లోకి వెళ్దాం. బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి, ఇది మనకి అలవాటే, కానీ ఇక్కడ అతిథుల కోసం విడిగా ఇంటి చెప్పులు ఉంటాయి, కాప్చే అంటారు, మెత్తగా, గళ్ళ గుడ్డతో, సైజు ఏదైనా సరే వేసుకోవాల్సిందే, ఉత్త సాక్సులతో నిలబడితే ఇంటావిడ ప్రాణం ఊరుకోదు, నేల చల్లగా ఉంది జలుబు చేస్తుంది అంటుంది. గుమ్మానికి అటూ ఇటూ నిలబడి షేక్‌హ్యాండ్ ఇవ్వకూడదు, మనవాళ్ళు గడప మీద నిలబడి ఏదీ ఇచ్చిపుచ్చుకోవద్దు అన్నట్టే. పువ్వులు తీసుకెళ్తే లెక్క చూసుకోవాలి, బేసి సంఖ్యలోనే ఉండాలి, సరి సంఖ్య సమాధుల దగ్గరికి.

ఇల్లు దాటాక ఏదో మర్చిపోయి వెనక్కి వచ్చారనుకోండి, తీసుకుని పరిగెత్తకూడదు, ఒక్క క్షణం కూర్చుని పది లెక్కపెట్టి అప్పుడు వెళ్ళాలి. మనింట్లో బయల్దేరుతుంటే ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళమంటారు చూడండి, మా ఓనర్ బామ్మగారు మొదటిసారి నన్ను అలా కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చి గొంతు పట్టేసింది. పసిపిల్లల బండికి ఎర్ర రిబ్బన్ ముక్క కడతారు, దేనికంటే దిష్టికి. మనం బుగ్గ మీద పెట్టే నల్లచుక్క ఇక్కడ ఎర్ర రిబ్బన్ అయింది, అంతే తేడా.

బాబ్చా అంటే అమ్మమ్మ, నానమ్మ ఇద్దరూ. బాబ్చా చేతి భోజనం గురించి ఈ దేశంలో అందరూ ఒకే మాట చెప్తారు. ప్లేటు నిండా పెట్టేస్తుంది, మీరు ఇంక నావల్ల కాదు అంటారు, అప్పుడామె అంటుంది, "పోనీలే, ఆలుగడ్డలు వదిలెయ్, మాంసం మాత్రం తినెయ్". ఈ ఒక్క వాక్యం ఏ పోలిష్ మనిషి దగ్గరైనా అనండి, మొహం వెలిగిపోతుంది. కుక్కర్ పక్కన నిలబడి అన్నం వదిలెయ్ కనీసం కూర తిను అనే అమ్మలు మనకి తెలీని వాళ్ళా.

ఇక ఊరగాయలు. ఇక్కడ దోసకాయలు రెండు రకాలు, ఒకటి వెనిగర్‌లో వేసేది, ఇంకోటి ఉప్పునీళ్ళలో వెల్లుల్లి, సోపు వాసనొచ్చే డిల్ ఆకు, గుర్రపు ముల్లంగి వేసి పులియబెట్టేది, దాన్ని కిషోని అంటారు. పోలిష్ వాళ్ళ ముందు ఈ రెండూ ఒకటే అనకండి, ఆవకాయ, మాగాయ ఒకటే అన్నట్టు ఉంటుంది. ఎండాకాలం అంతా ఊళ్ళల్లో సీసాలు నింపుతూనే ఉంటారు, దోసకాయ, క్యాబేజీ, జామ్, సూప్, పట్నంలో చదువుకునే పిల్లలకి అవే కట్టి పంపిస్తారు. సీసాని స్వోయిక్ అంటారు, అందుకే పల్లెల నుంచి, చిన్న ఊళ్ళ నుంచి వార్సాకి ఉద్యోగాలకొచ్చి ఆదివారం సాయంత్రం ఇంటి సీసాలతో రైలు దిగేవాళ్ళకి వార్సా వాళ్ళు ఆ పేరే పెట్టేశారు, స్వోయికి అని. ఎగతాళికి పెట్టిన పేరే, కానీ నాకైతే ఆ మాట వింటే ఎంజీబీఎస్‌లో గోంగూర డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగే పిల్లలే కనిపిస్తారు.

ఆ ఖాళీ సీసాలు పారేయరు. ఐస్‌క్రీమ్ డబ్బా తెరిస్తే ఐస్‌క్రీమ్ ఉండదు, తరిగి గడ్డకట్టించిన డిల్ ఆకు ఉంటుంది. వంటింట్లో ఒక సంచి ఉంటుంది, దాన్నిండా సంచులే. నవ్వొస్తుంది గానీ దీని వెనక చాలా కష్టం ఉంది, 1976లో చక్కెరకి రేషన్ కార్డు పెట్టారు, 1981కి మాంసానికి కూడా పెట్టారు, మాంసం కార్డులు 1989 దాకా నడిచాయి, షాపుల్లో అరలు ఖాళీగా ఉండేవి, ఆ రోజుల్లో మంచి ప్లాస్టిక్ సంచి దొరికితే కడిగి ఆరేసి మళ్ళీ వాడేవాళ్ళు. అలా పెరిగిన చేతులు ఇవాళ సంచిని ఎలా పారేస్తాయి చెప్పండి.

పాత అపార్ట్‌మెంట్ల మధ్య ఒక ఇనప చట్రం కనిపిస్తుంది, రెండు స్తంభాలు, అడ్డంగా కడ్డీలు. ఇదేం ఆట వస్తువు అనుకుంటాం. దాని పేరు త్షెపాక్, తివాచీ దాని మీద వేసి బెత్తంతో దుమ్ము దులపడానికి. కానీ మొత్తం ఒక తరం బాల్యం దాని మీదే గడిచింది, కడ్డీకి మోకాళ్ళు వేసి తలకిందులుగా వేలాడుతూ, నాలుగో అంతస్తు కిటికీలోంచి అమ్మ అన్నానికి పిలిచే దాకా. మా బ్లాకులో ఉన్నదాని పై కడ్డీ మధ్యలో రంగు పూర్తిగా పోయి ఇనుము నున్నగా మెరుస్తుంటుంది, చివర్లు మాత్రం ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి.

పుట్టగొడుగులు చెప్పకుండా పోతే పాపం. సెప్టెంబర్ వచ్చిందంటే తెల్లారకముందే బుట్ట పట్టుకుని అడవికి, ఎక్కడ దొరికాయంటే మాత్రం "అడవిలో" అంటారు, అంతే, స్వంత తమ్ముడికి కూడా చోటు చెప్పరు. విషప్పుట్టగొడుగేమో అని అనుమానం ఉంటే జిల్లా శానిటరీ ఆఫీసుకి పట్టుకెళ్తే నిపుణులు ఫ్రీగా చూసి చెప్తారు, నాకు తెగ నచ్చిన సర్కారీ సేవ ఇది.

పేర్ల సంగతి. కటజీనా అని పేరుంటే కాషా అంటారు, అలెక్సాండ్రా అయితే ఓలా, మవ్‌గొజాతా అయితే గోషా. ప్రతి పేరుకీ క్యాలెండర్‌లో ఒక రోజు, దాన్ని ఇమ్యెనీని అంటారు, డిసెంబర్ 4 బార్బరాలది, నవంబర్ 30 ఆంద్జెయ్‌లది, పెద్దవాళ్ళకి పుట్టినరోజు కంటే ఇదే ముఖ్యం. ఏ శుభకార్యమైనా అందరూ కలిసి పాడేది "స్తో లాత్", అంటే నూరేళ్ళు. మన పిల్లలు తుమ్మితే చిరంజీవ, నూరేళ్ళు అంటాం కదా, వీళ్ళలో కొంతమంది తుమ్మితే కూడా స్తో లాత్ అంటారు!

పండగలు గబగబా చెప్తాను. ఉపవాస కాలానికి ముందు వచ్చే చివరి గురువారం, ఆ రోజు గులాబీ జామ్ పెట్టిన పోంచ్కి, అంటే చిల్లు లేని గుండ్రటి డోనట్లు, తినాలి, పొద్దున్నే బేకరీల ముందు క్యూలు. ఈస్టర్ తర్వాతి సోమవారం కనిపించినవాళ్ళ మీదల్లా నీళ్ళు పోస్తారు, అచ్చం రంగులు లేని హోలీ. నవంబర్ 1న మాత్రం ఎవరూ అల్లరి చెయ్యరు, ఊరు ఊరంతా శ్మశానాలకి వెళ్ళి గాజు బుడ్లలో దీపాలు పెడతారు, చీకటి పడ్డాక కొండ వాలంతా ఎర్రగా, పచ్చగా వెలుగుతుంటుంది, మైనం వాసన, చామంతి వాసన. తమవాళ్ళ సమాధి అయ్యాక పక్కన ఎవరూ రాని సమాధి ఉంటే దాని మీదా ఒక దీపం పెట్టి వస్తారు.

[స్క్రీన్ మీద: పాత యూరప్ మ్యాప్]

ఇవన్నీ ఇంత పట్టుగా ఎందుకు నిలిచాయంటే, 1795 నుంచి 1918 దాకా, 123 ఏళ్ళు, మ్యాప్ మీద పోలండ్ అనే దేశమే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ముక్కలు చేసి పంచుకున్నాయి. 1901లో ప్రష్యా, అంటే జర్మనీ చేతిలో ఉన్న వ్జెష్న్యా అనే ఊరి బడిలో, మతం పాఠాలు జర్మన్‌లోనే చెప్పాలంటే పిల్లలు నోరు విప్పలేదు, బెత్తంతో కొట్టారు, నిలదీసిన తల్లిదండ్రుల్ని జైల్లో పెట్టారు. 1898లో మరియా స్క్వొడోవ్‌స్కా క్యూరీ కొత్త మూలకం కనిపెట్టి పొలోనియం అని పేరు పెట్టినప్పుడు ఆ పేరుగల దేశం ఎక్కడా లేదు, అందుకే మేడమ్ క్యూరీ అంటే పోలిష్ వాళ్ళు ఆగి, ఆవిడ పుట్టింటి పేరు స్క్వొడోవ్‌స్కా కూడా కలిపి చెప్పండి అంటారు. ప్రభుత్వం లేదు, బడి లేదు, మరి దేశం ఎక్కడ దాచుకున్నారంటే వంటింట్లో, ప్రార్థనలో, అమ్మమ్మ మాటల్లో. నా మటుకు నాకు ఆ చేప పొలుసు, ఆ కాప్చే, ఆ పది లెక్కపెట్టడం అన్నీ అలాగే కనిపిస్తాయి.

చివరిగా విగీలియా రాత్రి. పోయిన ఏడాది మా ఓనర్ బామ్మగారు నన్ను భోజనానికి పిలిచారు. క్రాకూఫ్‌లో ఆ రోజుల్లో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది, మొదటి నక్షత్రం కనిపించే దాకా ఎవరూ తినకూడదని మనవరాలు కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంది. తెల్లటి టేబుల్ గుడ్డ కింద కొంచెం ఎండుగడ్డి పరిచారు, యేసు పశువుల పాకలో పుట్టాడని, చెయ్యి ఆనిస్తే కింద గరగరమని తెలుస్తోంది. పన్నెండు వంటకాలు. ముందు ఒప్వాతెక్ అనే అప్పడం కంటే పల్చటి తెల్ల రేకు ఇచ్చారు, ఒకరి దాంట్లోంచి ఒకరు చిన్న ముక్క తుంచుకుని ఎదురెదురుగా నిలబడి మంచి కోరుకోవాలి. బామ్మగారు నా ముక్క తుంచుకుని, మీ అమ్మగారు ఆరోగ్యంగా ఉండాలి అన్నారు.

కూర్చోబోతే టేబుల్ చివర ఒక ప్లేటు ఎక్కువ ఉంది, కుర్చీతో సహా. అనుకోకుండా వచ్చే అతిథి కోసం పెడతారని నాకు తెలుసు. "గోష్చ్ వ్ దోమ్, బుగ్ వ్ దోమ్" అని వీళ్ళ సామెత, ఇంటికి అతిథి వస్తే దేవుడొచ్చినట్టే అని. అది నాదే అనుకుని అటు వెళ్ళబోయాను.

"అటు కాదు బాబూ, నీ ప్లేటు ఇక్కడ, నా పక్కన" అన్నారు బామ్మగారు. "నిన్ను ఇంట్లో లెక్కలో వేశాను. అది ఇంకా రావాల్సిన వాళ్ళకి."