ఎగ్మూరు కిర్క్ కింద మట్టి ఒరలు

మిత్రులందరికీ నమస్కారం.

హైదరాబాద్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ భవనం స్తంభాలు మనందరికీ తెలుసు. వాటికి ప్లాను గీసిన శామ్యూల్ రస్సెల్ మద్రాసు ఇంజనీర్ల దళం మనిషి. అదే దళానికి చెందిన థామస్ ఫియట్ డి హావిలాండ్ చెన్నై ఎగ్మూరులో కట్టిన సెయింట్ ఆండ్రూస్ కిర్క్ గురించి ఈ పూట మాట్లాడతాను.

అది స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్ల కోసం కట్టిన చర్చి. 1818లో పని మొదలై 1821లో ఆరాధనకు తెరిచారు. ప్రెస్బిటేరియన్లకు బిషప్పులుండరు, సంఘ పెద్దలే నడిపిస్తారు. ఆరాధనలో ప్రసంగానికే పెద్దపీట. అందుకే గుండ్రటి హాలు వాళ్లకు బాగా అమరిందని నా అభిప్రాయం. బోధకుడికి మరీ దూరమైపోయే మూలంటూ అందులో ఉండదు. నిజానికి ఆ గుండ్రటి ఆలోచన వాస్తుశిల్పి జేమ్స్ గిబ్స్‌ది. లండన్‌లో ఖర్చెక్కువని పక్కన పెట్టేశారు, మద్రాసులో నిలబడింది. లోపల 16 స్తంభాలు, వాటి మీద సుమారు 51 అడుగుల వెడల్పు గుమ్మటం. ముదురు నీలం మీద బంగారు నక్షత్రాలు. బయట శిఖరం 166 అడుగులు.

నన్ను కట్టిపడేసింది మాత్రం నేల కింద ఉన్నది. అక్కడిది చిత్తడి నేల. అంత బరువు మోయలేదు. అప్పుడు డి హావిలాండ్ మన బావులు తవ్వేవాళ్ల పద్ధతినే పట్టుకున్నాడు. కాల్చిన మట్టి ఒరను నేల మీద పెట్టి, లోపలి మట్టి తోడుతుంటే ఒర తన బరువుకే కిందికి దిగుతుంది. దాని మీద ఇంకో ఒర. ఇలా గట్టి నేల దాకా దించిన బావుల మీదే ఆ చర్చి కూర్చుంది. ప్లాను గీసినాయన పేరు రికార్డుల్లో ఉంది. ఒరలు కాల్చిన కుమ్మరుల పేర్లు, బురదలోకి దిగిన కూలీల పేర్లు లేవు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

గోడల నునుపు మద్రాసు సున్నం పనితనం. గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి తీసిన సున్నాన్ని మెత్తగా నూరి, పూసి, పాలరాయిలా మెరిసేదాకా రుద్దేవారు. మన దగ్గర డంగు సున్నం కూడా ఇంత ఓపికతో చేసే పనే. సున్నం గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని, కొన్నేళ్లకు పూత పెచ్చులుగా ఊడి, ఇటుక కూడా పొడి అయిపోతుంది. మీ పేటలో పాత చర్చికో, మసీదుకో, దేవిడీకో రిపేరు మొదలైతే, ముందు వెళ్లి ఏం కలుపుతున్నారో అడగండి. సిమెంటు బస్తాలు కనిపిస్తే పని ఆపమని చెప్పండి.