మాట వినే స్పీకర్: పెద్దవాళ్ల ఇంట్లో అమరిక

పెద్దలకూ, ముఖ్యంగా వాళ్ల పిల్లలకూ నమస్కారం.

కోనసీమలో చాలా ఇళ్లలో పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటున్నారు, ఇక్కడ అమ్మానాన్నా ఇద్దరే మిగులుతున్నారు. పిల్లలు ముచ్చటపడి ఎకో స్పీకర్ (అమెజాన్ వాళ్లది, మాట విని పనిచేసేది) పంపుతారు. నాలుగు రోజులు పాటలు పాడి అది మూలన పడుతుంది. వాళ్ల గొంతుకూ అలవాట్లకూ తగ్గట్టు అమర్చకపోవడమే దానికి కారణం.

ముందు భాష సంగతి. ఈ స్పీకర్‌లో మన మాట విని జవాబిచ్చే అలెక్సా మన దేశంలో ఇంగ్లీషు, హిందీల్లోనే ఆదేశాలు తీసుకుంటుంది. తెలుగులో అడగాలంటే ఫోన్‌లోని గూగుల్ అసిస్టెంట్ ఉంది. స్పీకర్‌కు ఐదారు ఇంగ్లీషు ముక్కలు చాలు, వాటిని తెలుగు లిపిలో పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించండి. స్పీకర్‌తో కొడుక్కి కాల్ చేయాలంటే, అతని పేరు కాంటాక్టులో ‘వెంకట సత్యనారాయణ’ అని ఉంటే దానికి అంతుపట్టదు, ‘సన్’ అని మార్చండి. అతని ఫోన్‌లో అలెక్సా యాప్ కూడా ఉండాలి.

మందులకు చాలామంది రిమైండర్ పెడతారు. అది రెండుసార్లు చెప్పి ఊరుకుంటుంది, పెరట్లో ఉన్నవాళ్లకు వినపడదు. అలారం అలా కాదు, ఆపకపోతే చాలాసేపు మోగుతుంది. బీపీ, షుగర్ బిళ్లలకు అలారమే పెట్టండి. బిళ్ల మింగాకే ‘అలెక్సా, స్టాప్’ అనాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది రాత్రిపూట దీపం. మన పాత ఇళ్లలో బాత్రూమ్ పెరటివైపు ఉంటుంది. చీకట్లో స్విచ్ తడుముకుంటూ గడప తట్టుకుని పడితే తుంటి ఎముక విరగొచ్చు. మంచం దగ్గర ఒకటి, వెనక వరండాలో ఒకటి స్మార్ట్ బల్బు (వైఫైతో కలిసి, మాట చెబితే వెలిగేది) పెట్టండి. రూటర్‌లో వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంటేనే ఇవి చాలావరకు పనిచేస్తాయి. అలెక్సా యాప్‌లో రెంటినీ ఒకే గ్రూపులో చేర్చి ‘నైట్ లైట్’ అని పేరు పెడితే ఒక్క మాటకే దారంతా వెలుగుతుంది. ఇక్కడ ఎదురయ్యే చిక్కు ఒకటుంది: అలవాటుకొద్దీ ఎవరో గోడ స్విచ్ ఆపేస్తారు, ఇక బల్బు మాట వినదు. ఆ స్విచ్ మీద టేపు వేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు అర్ధరాత్రి బల్బులు వాటంతటవే వెలగకుండా, బల్బు యాప్‌లో పవర్ ఆన్ సెట్టింగ్ (కరెంటు రాగానే బల్బు వెలగాలో వద్దో చెప్పేది) ఉంటే మార్చండి.

స్పీకర్‌ను గోడకు జానెడు దూరంలో, టీవీకి ఎడంగా పెట్టండి. ఆగి ఆగి మాట్లాడేవాళ్లకు అలెక్సా యాప్‌లో అడాప్టివ్ లిజనింగ్ ఆన్ చేయండి. మాట పూర్తయ్యేదాకా ఆగుతుంది.

1996 నవంబరు తుపాను చూసిన ఊళ్లకు కరెంటు లేని రాత్రుల గురించి చెప్పక్కర్లేదు. ఎకో డాట్ అనే చిన్న ఎకో స్పీకర్‌లో బ్యాటరీ ఉండదు. స్పీకర్, రూటర్, ఆ రెండు బల్బులూ ఇన్వర్టర్ లైను మీదే ఉండాలి. అప్పుడు కూడా ఊళ్లో ఇంటర్నెట్ లైను తెగితే కాల్స్ ఉండవు. మామూలు రోజుల్లోనూ అలెక్సా 108కి ఫోన్ చేయదు. కాబట్టి తలాపున ఒక బటన్ల ఫోన్ ఛార్జింగ్‌తో ఉంచి, 2 అంకెను నొక్కి పట్టుకుంటే పక్కింటివాళ్లకు వెళ్లేట్టు పెట్టండి. 108 అంకెల్ని దాని వెనక రంగు పెన్నుతో రాయండి.